నాభి గడ్డ కొనకు ఒక్కటే కన్ను

ఆలుగడ్డకు ఒంటినిండా కన్నులే. ఏ ముక్క కోసి పాతినా ఎక్కడో ఒకచోట మొలక వస్తుంది. నాభి గడ్డ అట్లా కాదు. నాగలిలా రెండు పాయలుగా చీలిన గడ్డలో ఒక్కో పాయ చివర ఒక్కటే కన్ను. ఆ కొన విరిగితే మిగతా పాయ ఎంత లావుగా, ఎంత తాజాగా ఉన్నా ఆ ఏడు మొలక మీద ఆశ పెట్టుకోవద్దు. పార్సిల్‌లో తెప్పించిన గడ్డ మొలవలేదని మట్టిని, నీళ్లను, ఎండను తిట్టుకునేముందు పాయల చివర్లు చూడాలి. చాలాసార్లు కొన దారిలోనే పెళుక్కుమని ఉంటుంది.

నాభి, అడవినాభి, అగ్నిశిఖ, పొత్తిదుంప, కలప్పగడ్డ. పేర్లు ఎన్నున్నా మొక్క ఒక్కటే, గ్లోరియోసా సుపర్బా. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు అది. సంస్కృతంలో లాంగలి అంటారు. లాంగలం అంటే నాగలి. పువ్వుకు మురిసి అగ్నిశిఖ అన్నవాళ్లు ఒకరైతే, తవ్వి గడ్డను చూసి లాంగలి అన్నవాళ్లు మరొకరు. పెంచేవాళ్లకు పనికొచ్చేది రెండో పేరే. పాత పుస్తకాల్లో దీన్ని లిల్లీ కుటుంబంలో రాశారు. ఇప్పుడు కోల్చికేసీ అనే వేరే కుటుంబంలో పెట్టారు, కానీ లిల్లీలున్న క్రమం (ఆర్డర్)లోనే ఉంది. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, జింబాబ్వేకు జాతీయ పుష్పం. మన దిక్కున నల్లమలలో, అమ్రాబాద్ గుట్టల్లో వానాకాలం పొదల మీదికి పాకి పూస్తుంది.

పేరుతో ఒక చిక్కుంది. పచారీ మూలికల కొట్లో నాభి అంటే వసనాభి ఇస్తారు. అది హిమాలయాల మొక్క, దాని విషం వేరు, గుండె లయను చెడగొడుతుంది. దీని విషం కోల్చిసిన్. రెండూ విషాలే కాబట్టి జనం నోట ఒకే పేరు పడ్డట్టుంది. గడ్డ కొనేటప్పుడు ‘నాభి’ అని ఊరుకోకుండా గ్లోరియోసా అనే అడగండి.

లిల్లీ అన్న మాటతోనూ ఇంతే తంటా. మన పూల మార్కెట్లలో కిలోల లెక్కన అమ్మే లిల్లీ నిజానికి నేలసంపెంగ. అది కిత్తనార బంధువు, దానికి లిల్లీ చుట్టరికం లేదు. అసలు సిసలు కొండ లిల్లీ కావాలంటే దక్షిణాదిలో నీలగిరి లిల్లీ ఉంది. తెల్లటి బాకా పువ్వు, నీలగిరి, పళని కొండల ఎత్తుల మీది చల్లటి గడ్డినేలల్లో పెరుగుతుంది. ఎండాకాలం 44 డిగ్రీలు దాటే నల్లగొండలో దాని గడ్డ మట్టిలోనే ఉడుకుతుంది. డబ్బాలో రంగుల బొమ్మ వేసి అమ్మే ఓరియంటల్ లిల్లీ గడ్డలదీ దాదాపు అదే కథ. గడ్డలో ముందే దాచుకున్న బలంతో ఒకసారి పూస్తాయి. తర్వాత వాటికి కావాల్సిన చలి మన దగ్గర దొరకదు. నాభి అట్లా కాదు, మన ఎండను మేల్కొని ఎదుర్కోదు. ఎండాకాలమంతా భూమిలో నిద్రపోతుంది.

సాగు కిటుకంతా ఆ నిద్రలోనే ఉంది. మొలిచిన మొక్కకు నీళ్లు తక్కువై చచ్చేవాటికన్నా, నిద్రలో ఉన్న గడ్డకు నీళ్లు పోసి కుళ్లబెట్టేవే ఎక్కువ.

ముందు గడ్డ ఎక్కడిదో తేల్చుకోవాలి. అడవిలోంచి తవ్వుకు రావద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి మొక్క పెకలించి తెస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా అది దండగ పని. తీగ కంటికి కనిపించే రోజుల్లో గడ్డ పెరుగుదల మీద ఉంటుంది, పాత గడ్డ కరిగి కొత్తది ఊరుతుంటుంది. రాళ్ల సందుల్లోంచి గడ్డపారతో పెకలిస్తే కొన మిగలదు. తవ్వదగిన ఎండాకాలంలోనేమో పైన ఆనవాలే ఉండదు. తమిళనాడులో దీన్ని గింజల కోసం పొలాల్లో పంటగా వేస్తారు. తిరుప్పూర్, దిండిగల్, కరూర్ జిల్లాలు దానికి పేరు. నర్సరీల్లో దొరికే గడ్డల్లో చాలా మటుకు అటునుంచి వచ్చేవే. లేదంటే గింజ నుంచి మొదలుపెట్టాలి. దానికి ఓపిక కావాలి, చివర్లో చెప్తాను.

గడ్డ ఒక్కోటి 50 నుంచి 60 గ్రాములుంటే ఆ ఏడే పూస్తుందని నమ్మొచ్చు. ఇరవై గ్రాముల పిల్ల గడ్డ తీగ పెడుతుంది, పువ్వు పెట్టదు. అది చెడిపోయిందనుకోవద్దు, వచ్చే ఏటికి లావవుతుంది. చేతితో నొక్కితే గట్టిగా ఉండాలి. పై తోలు గోధుమరంగులో ముడత పడ్డా పరవాలేదు. మెత్తగా తగిలినా, వాసన వచ్చినా వద్దు. కొన దగ్గర లేతరంగు మొన పొడుచుకొని ఉంటే మేలు. ముట్టుకునేముందు రబ్బరు తొడుగులు వేసుకోండి. రసం కొందరి చర్మానికి మంట పెడుతుంది. పైగా గడ్డ పట్టిన చేయి నోట్లోకి పోకూడదు.

నాటడానికి మిరుగు సరైన అదను. జూన్ 8 చుట్టూ వచ్చే మృగశిర నుంచి పునర్వసు దాకా ఎప్పుడైనా నాటొచ్చు. రోహిణి ఎండల్లోనే కొన్ని గడ్డలకు మొలక వచ్చేస్తుంది. అట్లాంటివాటిని ఆపకుండా నీడపట్టున నాటేయాలి. బయట పొడుగైన మొలకను తర్వాత పూడ్చబోతే విరగడం ఖాయం.

నేల విషయంలో మన జిల్లాలు రెండు తీర్లు. ఎర్రచెల్క దీనికి అచ్చిన నేల. నల్లరేగడిలో వాన నిలిస్తే గడ్డ మూడు రోజుల్లో మెత్తబడుతుంది. రేగడి తప్ప గతిలేకపోతే అడుగు ఎత్తు కట్ట పోసి, అందులో ఎర్రమట్టి, ఇసుక కలిపి, కట్ట మీద నాటండి. కుండీకైతే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. పచ్చి పేడ వేస్తే వేడికి గడ్డ కాలుతుంది, పురుగు కూడా చేరుతుంది. మొదలుకుళ్లు వచ్చిన పల్లి చేను మట్టి తేవద్దు. ఆవగింజల్లాంటి గోధుమరంగు ఉండలుగా మట్టిలో దాక్కునే ఆ శిలీంధ్రం ఫలానా పంట అని చూడదు, దొరికిన దాని మొదలు పడుతుంది.

కుండీ వెడల్పు 12 అంగుళాలకు తగ్గొద్దు, లోతు అంతకన్నా ఎక్కువైతే ఇంకా మంచిది. కొత్త గడ్డ కిందికి దిగుతుంది. లోతు లేని కుండీలో అడుగుకు తగిలి వంకర్లు పోతుంది, తీసేటప్పుడు విరుగుతుంది. అడుగు రంధ్రాల మీద పెంకులు పరిచి మట్టి నింపాక, గడ్డను పడుకోబెట్టాలి. నిలబెట్టొద్దు. కన్నున్న కొన కుండీ నడిమికి వచ్చేట్టు చూసి, పైన 2 నుంచి 3 అంగుళాల మట్టి కప్పండి. ఇంకా లోతైతే మొలక బయటికి రావడానికే అలసిపోతుంది. పైపైన పెడితే రెండు వానలకే గడ్డ బయటపడుతుంది. నాటేముందు లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండాజిమ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపి అరగంట ముంచి ఆరబెడితే కుళ్లు తగ్గుతుంది. మందు వద్దనుకునేవాళ్లు ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలుపుకోవచ్చు. రెండూ కలిపి చేయొద్దు, మందు ట్రైకోడెర్మాను కూడా చంపుతుంది.

నేలలోనైతే సాలుకు సాలుకు 60, గడ్డకు గడ్డకు 45 సెంటీమీటర్లు.

నాటిన రోజు ఒకసారి తడిపి వదిలేయండి. మొలక రెండు నుంచి నాలుగు వారాలు తీసుకుంటుంది. ఈ నెల రోజులే చేయి ఆగదు. మొలిచిందా లేదా అని వేలితో కెలుకుతారు, కన్ను విరుగుతుంది. రోజూ చెంబుడు నీళ్లు పోస్తారు, గడ్డ కుళ్లుతుంది. పైమట్టి పొడిబారితేనే కాస్త చిలకరించండి. వాన పడుతుంటే అదీ వద్దు. మొలక వచ్చి జానెడు లేచాక మాత్రం లెక్క మారుతుంది. అప్పటినుంచి గింజ ఊరేదాకా మట్టి పూర్తిగా ఎండకూడదు. వాన మొహం చాటేస్తే మూడు నాలుగు రోజులకోసారి కుండీ అడుగు నుంచి కారేదాకా తడపాలి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి: బోరు నీళ్లు సవ్వగా ఉండే ఊళ్లలో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, లేత ఆకులు ఈనెలు పచ్చగా, నడుమ పసుపుగా మారుతాయి. అది ఎరువు తక్కువై కాదు, ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకు అందకపోవడం వల్ల. ఇంకా ఎరువేస్తే ఇంకా చెడుతుంది. వాన నీళ్లు పట్టి పోయండి, లేదా మిషన్ భగీరథ నల్లా నీళ్లు. ఫిల్టర్ మిషన్ వదిలేసే నీళ్లు మొక్కలకు పనికొస్తాయని బకెట్లు పెట్టి పడుతుంటారు. బోరు నీటిలోని ఉప్పంతా చిక్కబడి అందులోనే ఉంటుంది, ఈ మొక్కకు అసలే వద్దు.

ఊత గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామంది మంచి ఖరీదైన వెదురు బొంగు పాతి ఓడిపోతారు. నాభి తీగ కాండంతో చుట్టుకోదు. ఆకు చివర సన్నగా సాగి నులితీగ అవుతుంది, అది దేన్నైనా పట్టుకుని మెలేస్తుంది. పెన్సిల్ కన్నా లావున్నది దాని చేతికి అందదు. గోడ, గొట్టం, బొంగు దానికి లేనట్టే లెక్క. అడవిలో పరికి, రేగు, బందారు పొదల సన్న కొమ్మల్లోంచి పైకి పోతుంది. మొదలు నీడలో, తల ఎండలో. ఇంట్లో కూడా అదే కావాలి. మన చేలల్లో కాల్చిపారేసే కందికట్టె దీనికి దొరికే ఊతల్లో మొదటిది. నాలుగైదు కట్టెలు కొమ్మలతో సహా కుండీలో గుచ్చి పైన ముడివేస్తే చాలు. పత్తికట్టె కూడా పనిచేస్తుంది, కానీ పత్తికాయను తొలిచే గులాబీరంగు పురుగు దాగిన కట్టెను ఇంటికి మోసుకురావడం పత్తి చేనుకు మంచిది కాదు. తీగ ఆరేడు అడుగులు పోతుంది, కొన్ని ఇంకా ఎక్కువే. ఊతను గడ్డ నాటిన రోజే గుచ్చాలి. మొలిచాక గుచ్చితే గడ్డలోకి దిగుతుంది.

లేత తీగ తల విరిగితే ఆ కన్నుకు ఆ ఏటి కథ చాలాసార్లు అంతే. కోళ్లు, కోతులు, ఆరేసిన చీర కొంగు, ఏదైనా విరిచేస్తుంది. అందుకే మొలక వేలెడంత ఉన్నప్పుడు చుట్టూ నాలుగు ముళ్లకంప రెమ్మలు పెట్టడం నామోషీ పనేం కాదు.

మేపు పెద్దగా అక్కర్లేదు. మొగ్గ పట్టేదాకా మూడు వారాలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, మొగ్గ సమయంలో చెంచాడు కట్టెల బూడిద. సవ్వ నీళ్లు పోసే కుండీకి బూడిద కూడా మానండి. యూరియా వేస్తే తీగ దిట్టంగా కనిపిస్తుంది, పువ్వు మాత్రం తగ్గుతుంది.

ఆశ్లేష, మఖ కార్తెల్లో, అంటే ఆగస్టులో పూత మొదలవుతుంది. మొగ్గ తలవంచుకొని ఉంటుంది. విచ్చగానే ఆరు రేకులూ వెనక్కి, పైకి మలుచుకుంటాయి. మొదటి రోజు ఆకుపచ్చ పసుపు, తర్వాత మొదలు పసుపు, కొసలు ఎరుపు, చివరికి మొత్తం ఎరుపు. ఒకే తీగ మీద మూడు రంగుల పూలున్నాయంటే మూడు వయసుల పూలున్నట్టు. పువ్వు వారం దాకా నిలుస్తుంది.

గింజ కావాలంటే మీరే పూనుకోవాలి. పువ్వును దగ్గరగా చూడండి: కీలం మొదట్లోనే లంబంగా పక్కకు వంగి ఉంటుంది, కేసరాలకు దూరంగా. సొంత పుప్పొడి సులువుగా అంటకుండా ఆ ఏర్పాటు. అడవిలో పెద్ద సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు ఆ పని చేస్తాయి, మేడ మీద వాటిని నమ్ముకోలేం. పొద్దున 8 నుంచి 11 లోపు, పగిలి పొడి రాలుతున్న పరాగకోశాన్ని చిన్న చిమటాతో తుంచి, వీలైతే వేరే గడ్డ తాలూకు పువ్వు కీలం కొసన ఉన్న మూడు చీలికలకు పూయండి. రంగు మారిన ముసలి పువ్వు మీద చేస్తే శ్రమ దండగ. వాన తడిసిన పుప్పొడీ పనికిరాదు. పట్టిందంటే వారం పది రోజుల్లో పచ్చకాయ లావెక్కుతుంది.

ఈ కాలంలోనే పురుగు వస్తుంది. నల్లటి ఒళ్లు మీద తెలుపు, ఎరుపు చుక్కలు, చూడ్డానికి పూసల దండ. దీని పేరే పాలిటెలా గ్లోరియోసే, ఈ మొక్క పేరే దానికి పెట్టారు. ఆకు మీద గుంపుగా పుట్టి, పట్టించుకోకపోతే రోజుల్లోనే తీగను ఈనెలు చేస్తుంది. కుండీల వరకు సబ్బు నీళ్ల డబ్బాలోకి ఏరి వేయడమే మందు. ఎక్కువుంటే 50 గ్రాముల వేపగింజల పప్పు నూరి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ. పురుగు మట్టిలో దిగి గూడు కడుతుంది కాబట్టి పైమట్టిని అంగుళం లోతు మాత్రం కదపండి. ఇంకా లోతుకు పోతే గడ్డ తగులుతుంది. ఎడతెగని ముసురులో ఆకు మీద గోధుమ మచ్చలు పెరిగి మాడితే, ఆ ఆకులు తీసేసి కుండీలను ఎడంగా జరపండి. తడి ఆరకపోవడమే మూలం.

ఇక విషం. వేరు నుంచి గింజ దాకా మొక్కంతా విషమే, గడ్డలో, గింజలో బాగా ఎక్కువ. కోల్చిసిన్ కణాల విభజనను ఆపేస్తుంది. గౌటు కీళ్లనొప్పులకు దాన్ని మిల్లీగ్రాముల లెక్కన మందుగా ఇస్తారు, కానీ ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. తిన్న కొన్ని గంటలకు గొంతు మంట, వాంతులు, రక్త విరేచనాలు. తర్వాత ఒకటి రెండు రోజులకు కిడ్నీలు, గుండె, రక్తం దెబ్బతింటాయి. బతికినవాళ్లకు ఒకటి రెండు వారాలకు జుట్టు ఊడుతుంది. విరేచనాలు తగ్గాయని ఇంటికి తెచ్చుకునే పొరపాటు ఆ నడిమి వ్యవధిలోనే జరుగుతుంది. ఎవరైనా తిన్నారని అనుమానమొచ్చినా లక్షణాల కోసం కాచుకోకుండా 108 పిలవండి, మిగిలిన గడ్డ ముక్కను సంచీలో వేసి వెంట తీసుకుపోండి. చింతపండు రసం, ఉప్పు నీళ్లు తాగించొద్దు. ఆయుర్వేదంలో లాంగలిని ఉపవిషాల్లో లెక్కగట్టి, శుద్ధి చేయనిదే వాడొద్దన్నారు. గర్భఘాతిని అన్న పేరు కూడా ఉంది దానికి. యూట్యూబ్ చూసి నూరి పూసే సరుకు కాదు.

ప్రమాదం ఎక్కువగా పోలికతో వస్తుంది. కడిగిన గడ్డ మోరంగడ్డలా, అడవిగడ్డలా కనిపిస్తుంది. పైన తీగ ఉన్నప్పుడు తేడా తెలుసుకోవడం సులువు: తినే అడవిగడ్డల తీగ కాండంతోనే చుట్టుకుంటుంది, ఆకు ఎక్కువగా తమలపాకులా ఉండి ఈనెల మధ్య వల అల్లినట్టుంటుంది. నాభి ఆకు ఈటె మొనలా సన్నగా, నిలువు గీతలతో, చివర నులితీగతో ఉంటుంది. తీగ ఎండి రాలిపోయాక తేడా చెప్పే ధైర్యం చేయొద్దు. బతుకమ్మ నాటికి పూత ఇంకా ఉంటుంది. గునుగు, తంగేడు కోసం పిల్లలు చెట్లూ పుట్టలూ తిరిగే రోజులవి. ఈ పువ్వు తుంచి తేకూడదని ముందే చెప్పిపెట్టండి. కుక్క ఉన్న ఇంట్లో కుండీ మీద ఇనుప జాలీ వేయాలి, గడ్డ తవ్వడం దానికి ఆట.

నవంబరు నుంచి ఆకులు కింది నుంచి పసుపుబారతాయి. రోగం కాదు, నిద్రకు పోతోంది. నీళ్లు తగ్గించి, కాయ తోలు ముడత పడ్డాక కోసేసి, తర్వాత పూర్తిగా ఆపేయండి. తీగ ఎండి దానంతటది ఊడేదాకా కోయొద్దు, ఆకులోని బలం గడ్డలోకి దిగాలి. కుండీని వాన పడని, ఎండ తగలని మూలకు జరపండి. మేడ మీద కాంక్రీటు మీదే వదిలేస్తే ఏప్రిల్ వేడికి గడ్డ ఎండి బెరడవుతుంది.

గడ్డను ఏటా తీయక్కర్లేదు. తీయాలనుకుంటే జనవరి, ఫిబ్రవరిలో కుండీని పక్కకు వాల్చి మట్టి మొత్తం గుమ్మరించి ఏరుకోండి. తాపీ గుచ్చొద్దు. పాత గడ్డ తోలుగా మిగిలి ఉంటుంది, పక్కనే కొత్త జంట పాయ. పాయలు కలిసే మెడ దగ్గర విడదీస్తే రెండు మొక్కలు, ఎందుకంటే రెండు కొసలకూ కన్నుంది. విడదీసిన చోట బూడిద అద్ది, మూడు రోజులు నీడన ఆరనిచ్చి, మట్టికుండలో పొడి ఇసుక మధ్య పేర్చండి. ఒకదానికొకటి తగలకూడదు. కుండ మీద ‘విషం’ అని పెద్దగా రాసి, వంటింటికి, ఉల్లిగడ్డల బుట్టకు దూరంగా, పిల్లలకు అందని అటక మీద పెట్టండి.

గింజల సంగతి. కోసిన కాయను వారం పది రోజులు నీడన ఎండబెడితే మూడు పాయలుగా విచ్చి నారింజ ఎరుపు గింజలు బయటపడతాయి. చూస్తే నోట్లో వేసుకోబుద్ధయ్యే రంగు, కాబట్టి పళ్లెంలో పెట్టి ఆరుబయట వదలొద్దు. తాజా గింజ మొలవదు, ఆరు నుంచి తొమ్మిది నెలలు నిద్ర ఉంటుంది. కార్తీకంలో కోసినదాన్ని వచ్చే మిరుగుకు విత్తితే లెక్క సరిపోతుంది. పై ఎర్రపొర రుద్ది తీసి, గోరువెచ్చటి నీటిలో ఒక రోజు నానబెట్టి, అర అంగుళం లోతున ఇసుక కలిసిన మట్టిలో వేయండి. ఒక గింజ మూడు వారాలకు మొలుస్తుంది, దాని పక్కది మూడు నెలలకు. ముందొచ్చినవాటిని చూసి మిగతా మట్టి పారబోయొద్దు. మొదటి ఏడు నాలుగు ఆకులు, కింద శనగగింజంత గడ్డ. దాన్ని అదే ట్రేలో ఎండాకాలం పొడిగా వదిలి, మళ్లీ మిరుగుకు తడపాలి. పువ్వు మూడో ఏడో, నాలుగో ఏడో.